తాతమ్మ కట్టిన సవరం

కళింగపట్నం మొగలో పండుగప్పను గేలంతో పట్టాలంటే కూర్మయ్యే పట్టాలని నేను చెప్పుకోను. ఊరంతా చెబుతుంటే నేను చెప్పుకోవడం ఎందుకు? వంశధార సముద్రంలో కలిసే ఆ చోట, పోటు ఎక్కేటప్పుడు చేప ఎక్కడ నిలబడుతుందో, పాటు మొదలై నీళ్ళు వెనక్కి లాగేటప్పుడు ఏ రాతి పక్కకు జరుగుతుందో మా ఇంటి గుమ్మం తెలిసినంత బాగా తెలుసు నాకు. అరవై ఏళ్ళ వయసులో నలభై రెండేళ్ళు ఆ నీళ్ళ మీదే గడిచాయి. అంచేత కాస్త పొగరుంది. కోపం కూడా ఉంది, అది ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆ రెండూ కలిసి కిందటి మార్చి నెలలో నన్ను పక్కనున్న గార ఊరి నడివీధిలోకి ఎలా లాక్కెళ్ళాయో చెబుతాను వినండి.

ముందు హరిబాబు గారి సంగతి చెప్పాలి. ఆయన విజయనగరంలో పళ్ళ డాక్టరు. వారమంతా జనం నోళ్ళలోకి చూసి చూసి విసుగెత్తి, ఆదివారం తెల్లారేసరికి కారేసుకుని మా రేవుకు వచ్చేస్తాడు. నా ఫైబరు పడవ ఎక్కి మొగలో గేలం వేస్తాడు. పట్టిన చేపను ఫోటో తీసుకుని మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తాడు. ఇదేం వేటో మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు, ఇప్పటికీ పూర్తిగా అర్థమైందని చెప్పలేను. మనిషి మాత్రం మంచివాడు. నన్ను బాబాయ్ అంటాడు, మా ఇంటిదాన్ని పిన్నీ అంటాడు, ఆవిడ పెట్టే చేపల పులుసు వంక పెట్టకుండా తింటాడు.

ఆయన సరంజామా మా వాటిలా ఉండదు. పొట్టిగా గట్టిగా ఉండే కర్ర, దాని మీద గుండ్రటి రీలు. విసిరేటప్పుడు ఆ రీలు మీద బొటనవేలు ఆనించి ఉంచాలి. దారం ఎంత వేగంగా పోవాలో ఎక్కడ ఆగాలో ఆ వేలే చెప్పాలి. కొసన బరువైన చెక్క చేపో ప్లాస్టిక్ చేపో కడితే సర్రున పోయి ఇరవై బారల దూరాన పడుతుంది. ఆ మార్చిలో ఒక ఆదివారం ఆయన కొత్త వస్తువు తెచ్చాడు. జానెడు పొడవున్న బొచ్చు కుచ్చు, దాని మధ్యలో పెద్ద గేలం. విదేశం నుంచి తెప్పించాడట. ఫ్లై అంటారట దాన్ని, అంటే ఈగ అట. అంత పెద్ద ఈగను నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

“ఏటి బాబూ ఇది? పెట్టిడు బొమ్మ సేపలున్నాయి కదా, మల్లీ ఈ కుచ్చు ఎందుకు?” అన్నాను.

“ప్లాస్టిక్ చేప లాగితేనే కదులుతుంది బాబాయ్. ఆపేస్తే కట్టెలా ఉండిపోతుంది. ఈ బొచ్చు ఆపినా ఊపిరి తీస్తున్నట్టు ఆడుతూనే ఉంటుంది. మీ పండుగప్పలు బొమ్మ చేపల్ని చూసి చూసి తెలివిమీరిపోయాయి. వాటికి ఇదే మందు,” అన్నాడు.

అసలు ఈ ఈగలు వేయడానికి వేరే కర్ర ఉంటుందట. పొడుగ్గా మెత్తగా ఉంటుందట, లావుపాటి దారమే తన బరువుతో ఈగను మోసుకుపోతుందట. అది ఆయన దగ్గర లేదు. తన గట్టి కర్రకే కుచ్చు కట్టి బలంగా విసిరాడు. కుచ్చుకు బరువెక్కడిది, నాలుగు బారలు పోయి గాలిలోనే ఆగింది. రీలు మాత్రం ఆగకుండా గిర్రున తిరిగింది. చూస్తుండగానే రీలు నిండా దారం చిక్కుపడి పిచ్చుక గూడయింది. ఆ చిక్కు తీయడానికి పళ్ళ డాక్టరుకు కూడా అరగంట పట్టింది. నేను కడుపుబ్బ నవ్వాను. తరువాత ఆయన దారానికి చిన్న సీసపు ముక్క నొక్కి విసిరితే కుచ్చు ఎలాగో రాతి కట్ట దాకా పోయింది.

నా నవ్వు ఆగింది కూడా అక్కడే. కట్ట నీడలోంచి పండుగప్ప ఒకటి లేచి వచ్చి ఆ కుచ్చును ఒక్క గుటకలో లాక్కుంది. రెండుసార్లు తల విదిలించి ఉమ్మేసింది. లాగి చూస్తే ఉత్త గేలం మిగిలింది, బొచ్చు సగానికి పైగా ఊడిపోయింది. డాక్టరు ముఖం మాడిపోయింది. ఆ బోడి గేలాన్ని పడవలో పారేస్తే, ఇంట్లో చూపించి మరికాస్త నవ్వుకుందామని నేను తీసుకెళ్ళాను.

ఇక మా ఇంటిదాని పేరు తాతమ్మ. నాకు వరసకు మరదలే, నన్ను మావా అంటుంది. ముప్పై నాలుగేళ్ళు నేను పట్టిన చేపను గంపలో వేసుకుని, గంప నెత్తిన పెట్టుకుని, గారలో ప్రతి వీధీ తిరిగి అమ్మింది. “నా మొగుడు కూర్మయ్య పట్టిన సేపమ్మా, ఇప్పుడే ఏట్లోంచి వచ్చినాది,” అని ఆవిడ కేక పెడితే మూడో వీధిలో ఉన్నవాళ్ళు కూడా గిన్నె పట్టుకుని బయటికి వచ్చేవారు. నా పేరు గార దాకా పాకిందంటే అది ఆ గొంతు చలవే. కిందటేడు మెడ ఎముకలు అరిగిపోయాయని, ఇక నెత్తిన బరువు పెట్టకూడదని శ్రీకాకుళంలో డాక్టరు చెప్పాడు. ఆ రోజే గంపను గోడ మేకుకు తగిలించింది. తరువాత నుంచి ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చేది, కోళ్ళతో తగువాడేది. ఒకనాడు ఊరికే కూర్చోలేకపోతున్నానంటే, “కూకొని తినవే, ఎవులొద్దన్నారు నిన్ను,” అన్నాను. మంచి మాటే అన్నాననుకున్నాను. ఆవిడ చీపురు తీసుకుని మళ్ళీ వాకిట్లోకి వెళ్ళిపోయింది.

బోడి గేలం చేతిలో పెడితే తాతమ్మ నవ్వలేదు. వెలుతురులోకి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూసింది.

“ఎవుడు కట్టినాడు మావా దీన్ని? కుదుళ్ళన్నీ ఒక్క సోటే కుక్కి కట్టేసినాడు. సవరం ఇలగ కడతారేటి? రెండు దువ్వులకే ఊడిపోద్ది,” అంది.

సవరం సంగతి ఆవిడకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. వాళ్ళమ్మ కోటబొమ్మాళి సంతలో సవరాలు అమ్మేది. జుట్టు పలచబడిన ఆడవాళ్ళు జడలో కలిపి అల్లుకునే కుచ్చులు అవి. తాతమ్మ పదేళ్ళ పిల్లప్పటి నుంచి తల్లి పక్కన కూర్చుని వెంట్రుకలు పాయలు తీసి, పాయ పాయకీ ముడి వేసి, పైన ఒత్తుగా కింద సన్నగా వచ్చేలా కట్టిందట. ఆ ముడి పడితే దువ్వెన పళ్ళు విరగాలి గాని వెంట్రుక రాదని వాళ్ళమ్మ సంతలో పందెం కాసి మరీ అమ్మేదట.

ఆ వారమే కోటబొమ్మాళిలో ఉన్న తన చెల్లెలికి ఫోను చేసి మేకపోతు తోక బొచ్చు, మెడ బొచ్చు బస్సులో పంపించమంది. మా కోడిపుంజు మెడ ఈకలు నాలుగు పీకింది. వల నేసే దారంతో, డాక్టరు గేలం మీదే, కుదుళ్ళు ముందుకు పెట్టి కట్టి వెనక్కి మడిచి మళ్ళీ కట్టింది. నాకు ఒక్క ముక్క చెప్పలేదు. తరువాతి ఆదివారం పొద్దున రేవులో పడవలన్నీ చేరి ఉన్న వేళ తిన్నగా వచ్చి హరిబాబు చేతిలో పెట్టింది. జానెడు పొడవు, పైన నలుపు, కింద తెలుపు, నిగనిగలాడుతోంది. డాక్టరు దాన్ని చూసిన చూపు నాకు నచ్చలేదు. ఇన్నాళ్ళుగా నా పడవెక్కుతున్నా నా వేటను ఆయన ఒక్కసారీ అలా చూడలేదు.

“పిన్నీ, ఇది మీరే కట్టారా?” అన్నాడు.

రేవులో జనం పోగయ్యారు. జగన్నాధం కూడా వచ్చాడు. వాడు తాతమ్మకు వరసకు తమ్ముడు, నాకు బావమరిది, ఎప్పుడు దొరుకుతానా అని చూస్తుంటాడు. “బావా, పండుగప్పకి జుట్టు పలసబడిపోనాదేటి? తాతమ్మప్ప సవరం కట్టి తెచ్చినాది. రిబ్బన్లు కూడా కొనాలి మరి,” అన్నాడు. రేవంతా నవ్వింది.

నాకు తల కొట్టేసినట్టయింది. మొగలో నన్ను మించినవాడు లేడు, నా పెళ్ళాం మేక బొచ్చు పట్టుకుని వచ్చి నలుగురిలో నన్ను నవ్వులపాలు చేసిందనిపించింది. నోరు జారాను.

“ఇదిగో, అందరూ ఇనండి. ఆ బొచ్చుకి పండుగప్ప పడిందంటే, దీని గంప నాను నెత్తినెట్టుకొని గార ఈదులన్నీ తిరుగుతాను,” అన్నాను.

నవ్వు టక్కున ఆగిపోయింది. మా వాడలో వలా పడవా మగవాళ్ళవి, గంపా తక్కెడా ఆడవాళ్ళవి. ఆడది పడవెక్కదు, వలను గాని గేలపు దారాన్ని గాని దాటదు. మగవాడు గంప మొయ్యడు. ఒడ్డు నుంచి ఆటో దాకా అయినా సరే, చేత్తో పట్టుకుంటాడు గాని నెత్తిన పెట్టడు. అలాంటిది నేను పదిమందిలో ఆ మాట అన్నాను.

తాతమ్మ నా వైపు తిరిగి నెమ్మదిగా, “గంప కింద సుట్టకుదురు కూడా నానే ఇస్తాను మావా,” అంది.

“కట్టింది మీరు, విసరవలసింది కూడా మీరే,” అని డాక్టరు తన కర్ర ఆవిడ చేతికిచ్చాడు. పడవెక్కదు కాబట్టి రాతి కట్ట మీద నిలబెట్టి, ఉత్త సీసం కట్టి విసరడం నేర్పాడు. రీలు చిక్కుపడి గూళ్ళు కడుతుందని నేను ఎదురుచూశాను. మొదట రెండుసార్లు చిక్కుపడింది, అంతే. చేప తాజాదో కాదో బొటనవేలితో నొక్కి చెప్పే మనిషి ఆవిడ. ఆ వేలికి రీలు సంగతి పావుగంటలో తెలిసిపోయింది. సీసం పది బారలు, పదిహేను బారలు పోయి మెత్తగా నీళ్ళలో పడడం మొదలెట్టింది. డాక్టరుకు ఆరు నెలలు పట్టిందట అది రావడానికి.

కాని సవరం కట్టాక కథ మారింది. విసిరితే ఆరేడు బారలకు మించి పోలేదు. పడిన చోటే బెండులా తేలింది. బొచ్చంతా ఒకదానికొకటి అంటుకుని తాడు ముక్కలా ఉంది, ఊపిరి తీయడం మాట దేవుడెరుగు. దాని చుట్టూ నీళ్ళ మీద రంగులు తేలాయి. పొద్దెక్కే దాకా విసిరింది. చిన్న చేపలు కూడా దాని దగ్గరికి రాలేదు. అబద్ధం ఎందుకు, నాకు హాయిగా ఉంది. జగన్నాధంతో బీడీ పంచుకుని కాల్చాను. చివరికి తాతమ్మ దారం చుట్టి, కర్రను రెండు చేతులతో డాక్టరుకు ఇచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

వెనకే నేనూ వెళ్ళాను, రెండు మాటలు అని మనసు చల్లబరుచుకుందామని. వెళ్ళేసరికి ఆవిడ గోడ మేకు నుంచి గంప దించుతోంది. నెత్తిన పెట్టుకుని నిలబడుతుందేమో అనుకున్నాను. పెరట్లోకి తీసుకెళ్ళి కోడిపిల్లల మీద బోర్లించింది. పైన ఇటుక పెట్టింది. చేతులు దులుపుకుని వంటింట్లోకి వెళ్ళింది.

అనాలనుకున్న మాటలు మానుకుని వాకిట్లోకి వచ్చేశాను. ముప్పై నాలుగేళ్ళు గంప నెత్తిన పెట్టుకున్న మనిషి ఆవిడ. ఏటేటా దానికి పేడతో, మెంతిపిండితో పూత వేసి ఎండబెట్టుకునేది. మా పెళ్ళయిన కొత్తలో నేను సాలూరు సంత నుంచి కొని తెచ్చిన వెదురు గంప పోయి, ఇది నాలుగోది. మూడు రోజులు ఇంట్లో మాటలేదు. తిట్టి ఉంటే తిన్న అన్నం ఒంటబట్టేది. నా మీద నాకే అసహ్యం వేసింది, కాని ఆ సంగతి చెప్పడం నాకు చేతకాదు.

నాలుగో రోజు మధ్యాహ్నం వేట నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే ఆ సవరం దండెం మీద కనబడింది. తీసి నీళ్ళ బాల్చీలో వేశాను. తేలింది. ముంచాను. మళ్ళీ లేచింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే గుప్పున కొబ్బరినూనె వాసన కొట్టింది. అప్పుడర్థమైంది. సవరం కట్టడం అయ్యాక మూడు పూతలు నూనె రాసి నిగనిగలాడించనిదే సంతకు తీసుకెళ్ళకూడదని వాళ్ళమ్మ నేర్పింది. ఈవిడ చేయి దాని పని అది చేసుకుపోయింది. నూనె పట్టిన బొచ్చు నీళ్ళు తాగదు. నీళ్ళు తాగకపోతే బరువెక్కదు, దూరం పోదు, మునగదు, ఆడదు.

బాల్చీ ముందు చాలాసేపు గొంతుక్కూర్చున్నాను. ఈ సంగతి ఊళ్ళో నాకొక్కడికే తెలుసు. నోరు మూసుకుంటే పంతం నాదే. నోరు విప్పితే గంప నా నెత్తికెక్కుతుంది. పెరట్లో గంప కింద కోడిపిల్లలు కీచుకీచుమంటున్నాయి.

“ఒసే తాతమ్మా,” అన్నాను. “నీ సవరానికి నూనె పట్టించినావు. అందికే నీల్లు తాగట్నేదు.”

వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మూడు రోజుల తరువాత మొదటి మాట. “సవరానికి నూనె రాయకుండా ఎవులైనా ఒగ్గేస్తారేటి?”

“ఆడోల్ల జడకైతే రాయాల. ఏట్లో సేపకి ఎందుకే?”

ఆవిడ నా చేతిలోంచి సవరం లాక్కుంది. వాసన చూసింది. ఒక్కసారిగా ముఖం మారింది. నవ్వొచ్చింది, ఆపుకుంది. అరగంటలో కుంకుడుకాయలు కొట్టి నానబెట్టి, నురుగు తీసి, సవరాన్ని రెండుసార్లు తలంటి పోసింది. ఆరాక విప్పేసి, ఈసారి సగం బొచ్చుతోనే కొత్తగా కట్టడానికి కూర్చుంది. నేను లోపలికెళ్ళి నా విసురు వల తెచ్చాను. ఆ వలను ముట్టుకుంటే జగన్నాధం చెయ్యి విరగ్గొడతానని ఒకసారి అన్నాను. దాని అంచు నుంచి సీసపు గుండు ఒకటి కోసి తాతమ్మ ఒళ్ళో వేశాను.

“తలకాడ దీన్నెట్టి దాని మీద కట్టు. అప్పుడు ఇసిరితే ఎల్తాది.”

“పంతం ఓడిపోతావు మావా,” అంది గుండును వేళ్ళ మధ్య దొర్లిస్తూ.

“ఓడితే నా నెత్తి కదా మోసేది, నీకేటి?” అన్నాను.

ఆ ఆదివారం పాటు పొద్దున ఏడింటికి మొదలైంది. డాక్టరు వచ్చాడు, జగన్నాధం వచ్చాడు, రేవులో సగం మంది వచ్చారు. నా పడవను రాతి కట్టకు ఆనించి కట్టి, నేను కూడా కట్ట మీదే తాతమ్మ పక్కన నిలబడ్డాను. ఇన్నేళ్ళుగా డాక్టరు ఎంత బతిమాలినా చెప్పని సంగతి ఒకటి ఉంది. కట్ట చివర మూడో బండ వెనక నీళ్ళ అడుగున గుంట ఉంది. పాటు లాగేటప్పుడు కొయ్యంగ చేపలు దాని మీదుగా కొట్టుకుపోతాయి, పెద్ద పండుగప్ప అక్కడ నోరు తెరుచుకుని కాచుకుంటుంది. ఆవిడ చెవిలో చెప్పాను. “మూడో బండ దాటించి ఏసి, మెల్లగా లాగు. బండ కాడికొచ్చాక ఆపేయ్. లాగొద్దు.”

సవరాన్ని ముందు నీళ్ళలో ముంచి తడిపింది. విసిరింది. కుచ్చు తిన్నగా పోయి మూడో బండకు అవతల పడింది, బొటనవేలు సరిగ్గా వేళకు నొక్కింది, రీలులో ఒక్క చుట్టు కూడా లేవలేదు. డాక్టరు “అబ్బ” అన్నాడు. నీళ్ళలో చూస్తే నాకే ఒళ్ళు జలదరించింది. సవరం కొయ్యంగ చేపే అయిపోయింది. నీళ్ళు తగిలి ఉబ్బుతోంది, ముడుచుకుంటోంది, తోక ఆడుతోంది. మూడోసారి వేసినప్పుడు బండ దగ్గర ఆపింది. లోపల ఎవరో కాలితో తన్నినట్టు నీళ్ళు పగిలాయి.

పండుగప్ప మనిషెత్తు లేచింది. తల విదిలించింది. సవరం ఊడుతుందని అందరం ఊపిరి బిగబట్టాం. ఊడలేదు. ఒక్క వెంట్రుక రాలలేదు. చేప పడి, మళ్ళీ లేచి, ఈసారి సముద్రం వైపు పోకుండా కట్ట వెంబడే మా వైపు వచ్చి నా పడవ వెనక్కి దూరింది. దారం పడవ అంచుకు ఒరుసుకుంటోంది. ఇంకో నిమిషం అలాగే ఉంటే ఇంజను ఫ్యానుకు తగిలి తెగిపోతుంది. పడవెక్కి, కర్రను వెనక కొస చుట్టూ తిప్పితే తప్ప దారి లేదు.

తాతమ్మకు ఆ సంగతి నాకంటే ముందే తెలిసింది. పడవ దాకా రెండడుగులు వేసి ఆగిపోయింది. కర్ర విల్లులా వంగిపోతోంది, మెడ నరాలు బిగుసుకున్నాయి, అయినా కాలు ఎత్తలేదు. ముప్పై అయిదేళ్ళ కాపురంలో ఆవిడ నీడ కూడా నా పడవలో పడలేదు. నా వైపు చూసింది. కర్ర నా చేతికిచ్చేద్దామా అన్నట్టుంది ఆ చూపు. ఇస్తే చేప వస్తుంది. కాని అప్పుడది నేను పట్టిన చేపవుతుంది, ఎప్పటిలాగే.

“ఎక్కవే,” అన్నాను.

“బావా,” అన్నాడు జగన్నాధం వెనక నుంచి.

“నువ్వు నోర్ముయ్యిరా. పడవ నాది, నాను సెప్తన్నాను. ఎక్కు తాతమ్మా.”

ఎక్కింది. కుడికాలు ముందు పెట్టింది, ఒక చేత్తో పడవ అంచు తాకి కళ్ళకద్దుకుంది. పడవ ఊగితే నేను కట్ట మీద నుంచే అంచు పట్టుకుని బిగించాను. తూలకుండా వెనక కొస దాకా నడిచి, కర్ర నీళ్ళకు ఆనించి ఇంజను చుట్టూ తిప్పి దారం విడిపించింది. ఆ తరువాత చేప అలసిపోవడమే మిగిలింది. డాక్టరు చేతి వల దించి చేపను ఎత్తాడు. వెండిలా తెల్లటి పొట్ట, ఎర్రగా మెరిసే కళ్ళు. తొమ్మిది కిలోల పైమాటే. నోటి మూలన సవరం చెక్కుచెదరకుండా ఉంది.

“వదిలేద్దామా పిన్నీ?” అని అలవాటు కొద్దీ అడిగాడు డాక్టరు.

“ఒగ్గేయడానికేటి బాబూ నాను పట్టినాది?” అంది తాతమ్మ.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరైనా అడిగితే ఉప్పుగాలి అని చెప్పేవాణ్ణి, ఎవరూ అడగలేదు. ఆ క్షణాన నేను జీవితంలో పట్టిన చేపలన్నీ ఒకెత్తు, ఆ చేప ఒకెత్తు అనిపించింది.

ఇంటికెళ్ళి కోడిపిల్లల మీద నుంచి గంప తీసి కడిగి తెచ్చాను. ఎవరూ అడగకముందే. తాతమ్మ పాత చీర ముక్క చుట్టి చుట్టకుదురు చేసి నా తల మీద పెట్టింది. జగన్నాధం గంప ఎత్తి పెడుతూ, “బావా, ఎవులూ మరిసిపోనేదు గాని, నీకు ఇష్టం నేకపోతే...” అన్నాడు. ఎత్తమన్నాను. ఆటో దిగి గార మొదటి వీధిలో నడుస్తుంటే చిల్లర కొట్టు ముందు మగవాళ్ళు లేచి నిలబడి చూశారు. ఒకడు ఈల వేశాడు. నేను మీసం మెలేద్దామంటే చేతులు రెండూ గంపను పట్టుకునే ఉన్నాయి.

రెండో వీధి తిరిగేసరికి మెడ లాగడం మొదలైంది. తొమ్మిది కిలోలకే అది. ఆవిడ ఇరవై, ముప్పై కిలోలు మోసేది. వానలో మోసింది, కడుపుతో ఉండి మోసింది. ఇంటికొచ్చాక మెడ రాయమని ఒక్కనాడు అడగలేదు, అడగాలని నాకు తోచనూ లేదు. పక్కన చూస్తే చేతులూపుకుంటూ తలెత్తి నడుస్తోంది.

మూడో వీధిలో నీలవేణి గారని స్కూలు టీచరు ఉన్నారు, తాతమ్మ దగ్గర పాతికేళ్ళుగా చేప కొంటున్న మనిషి. మమ్మల్ని చూసి గుమ్మంలోకి వచ్చేశారు.

“ఏమే తాతమ్మా, ఎన్నాళ్ళకు వచ్చావు. ఇంత పెద్దది ఎవరు పట్టారు?”

తాతమ్మ నోరు అలవాటుగా తెరుచుకుంది. “నా మొగుడు...” అని ఆగింది. నా వైపు చూసింది.

వీధి మధ్యలో కాళ్ళు రెండూ ఎడంగా పెట్టి నిలబడ్డాను. పడవ మీద నుంచి పడవ మీదకు కేకేసే గొంతు నాది. దాన్ని పూర్తిగా విప్పాను.

“నా పెళ్ళాం తాతమ్మ పట్టిన సేపమ్మా. ఇప్పుడే ఏట్లోంచి వచ్చినాది.”

నీలవేణి గారు లోపలికి వెళ్ళి గిన్నె తెచ్చారు. మిగిలిన వీధులు కూడా అలాగే కేకేస్తూ తిరిగాను.